పాత టర్బో కారులో గాలి–పెట్రోల్ నిష్పత్తి సరిచేయడం: పైపుల నుంచి మ్యాప్ దాకా

పాత టర్బో కారు బూస్ట్‌లో, అంటే టర్బో గాలిని ఒత్తిడితో ఇంజన్లోకి నెట్టేటప్పుడు, తడబడితే చాలామంది ముందు లాప్‌టాప్ తెరుస్తారు. పని చెడేది అక్కడే. 1980లు, 90ల నాటి టర్బో పెట్రోల్ కార్లలో మిశ్రమం దారి తప్పిందంటే కారణం ఎక్కువసార్లు మ్యాప్‌లో, అంటే ఎప్పుడు ఎంత పెట్రోల్ ఇవ్వాలో కారు కంప్యూటర్‌కి చెప్పే పట్టికలో, ఉండదు. చిట్లిన రబ్బరు పైపులోనో, నీరసించిన ఫ్యూయెల్ పంపులోనో, తుప్పు పట్టిన ఎర్త్ వైరులోనో ఉంటుంది. వాటిని అలాగే వదిలేసి అంకెలు మారుస్తూ పోతే మనం ట్యూన్ చేసేది ఇంజన్‌ని కాదు, దానిలోని లోపాన్ని. తర్వాత ఎప్పుడో ఆ పైపు మార్చగానే ట్యూన్ అంతా మళ్లీ మొదటికొస్తుంది. అందుకే ఇక్కడ సగం దాకా మ్యాప్ ఊసే రాదు.

ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్ ఉన్న పెట్రోల్ టర్బోల గురించే ఇదంతా. డీజిల్ లెక్క పూర్తిగా వేరు.

ముందు అంకెలు అర్థం కావాలి

ఒక గ్రాము పెట్రోల్ పూర్తిగా కాలాలంటే సుమారు 14.7 గ్రాముల గాలి కావాలి. ఇది బరువు లెక్క, ఘనపరిమాణం కాదు. అంకె 14.7 కంటే పెరిగితే మిశ్రమం లీన్, తగ్గితే రిచ్. ఇదే సంగతిని లాంబ్డాలో, అంటే ఉన్న నిష్పత్తిని సరైన నిష్పత్తితో భాగించి చెబితే, 14.7 అంటే 1.0, 11.8 అంటే దాదాపు 0.80.

నా మటుకు నేను లాంబ్డానే వాడమంటాను. 10 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్‌కి సరైన నిష్పత్తి 14.7 కాదు, 14.1 దగ్గర ఉంటుంది. ఇథనాల్ 85 శాతం ఉంటే 9.8 చుట్టూ ఉంటుంది. ఎగ్జాస్ట్‌లో పెట్టే ఆక్సిజన్ సెన్సర్ నిజానికి కొలిచేది లాంబ్డానే. మీటరు దాన్ని 14.7తో గుణించి చూపిస్తుంది, అంతే. కాబట్టి ట్యాంకులో ఏ ఇంధనం ఉన్నా, పెట్రోల్ స్కేల్ మీటరులో 14.7 కనబడితే లాంబ్డా 1 అనే అర్థం. ఈ కింద ఇచ్చిన అంకెలన్నీ పెట్రోల్ స్కేల్‌వే.

టర్బో లేని ఇంజన్ ఫుల్ థ్రాటిల్‌లో 12.5 నుంచి 13 మధ్య మంచి పవర్ ఇస్తుంది. టర్బోకి అంతకంటే రిచ్‌గా ఎందుకు పెడతారంటే, అదనంగా పోసిన పెట్రోల్ ఆవిరవుతూ వేడిని లాక్కుంటుంది, మంట ఉష్ణోగ్రత తగ్గుతుంది, నాక్ కాస్త దూరం జరుగుతుంది. స్పార్క్ నుంచి బయల్దేరిన మంట అంచుదాకా చేరకముందే అక్కడి మిశ్రమం తనంతట తాను అంటుకోవడమే నాక్. బూస్ట్‌లో అది నాలుగు సెకన్లు కొనసాగినా పిస్టన్ రింగుల మధ్య గట్టు విరిగిపోవచ్చు, హెడ్ గాస్కెట్ పోవచ్చు.

పాత ఇంజన్లో ఇంకో చిక్కు ఉంది. ఎగ్జాస్ట్ పైపులో పెట్టిన ఒక్క సెన్సర్ చూపించేది సిలిండర్లన్నిటి సగటు మాత్రమే. పాతికేళ్లు పనిచేసిన ఇంజెక్టర్లు నాలుగూ ఒకేలా చిమ్మవు, మానిఫోల్డ్ కూడా గాలిని సమంగా పంచదు. మీటరు 11.8 అంటున్నా ఏదో ఒక సిలిండర్ 12.5 దగ్గర నడుస్తూ ఉండొచ్చు. పాత కారుకి నేను కాస్త రిచ్‌గా ఉండే టార్గెట్ చెప్పడానికి కారణం అదే. చివరి ఐదు గుర్రాల (హార్స్‌పవర్) కోసం ఆ మార్జిన్ వదులుకోకూడదు.

అలాగని రిచ్ ఎంతైనా పర్వాలేదు అనుకోకండి. 10.5 కిందికి దిగితే పవర్ పడిపోతుంది, ప్లగ్గులు నల్లబడతాయి, పెట్రోల్ సిలిండర్ గోడ మీది ఆయిల్ పొరను కడిగేస్తుంది.

మొదలుపెట్టడానికి ఈ టార్గెట్లు సరిపోతాయి. ఐడిల్‌లో (యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజన్ తిరిగేటప్పుడు) 14.2–14.7, పెద్ద క్యామ్ ఉంటే 13.5 దాకా. నిలకడ వేగంలో 14.7. బూస్ట్ సున్నా దగ్గర, అంటే వాక్యూమ్ అయిపోయి ప్రెషర్ మొదలయ్యే చోట, 12.8–13.2. అర బార్ బూస్ట్‌కి 12 లోపు. 0.7 నుంచి 1 బార్ వరకు 11.3–11.7. క్యాటలిటిక్ కన్వర్టర్ ఉన్న కారులో నిలకడ వేగం దగ్గర 14.7 కదపొద్దు. కన్వర్టర్ సరిగ్గా పనిచేసేది ఆ ఇరుకు చోటులోనే.

మీ కారు గాలిని ఎలా కొలుస్తోంది?

ఈ ప్రశ్నకి జవాబు తెలియకుండా ఒక్క స్క్రూ కూడా తిప్పొద్దు.

1974లో వచ్చిన బాష్ ఎల్-జెట్రానిక్ లాంటి ఇంజెక్షన్ వ్యవస్థల్లో గాలి దారిలో స్ప్రింగు తలుపు ఒకటి ఉంటుంది. వచ్చే గాలి దాన్ని ఎంత తోస్తే కంప్యూటర్ అంత పెట్రోల్ ఇస్తుంది. దీని బలహీనత ఏమిటంటే తలుపు పూర్తిగా తెరుచుకున్నాక ఎంత గాలి వచ్చినా కంప్యూటర్‌కి తెలియదు. వేస్ట్‌గేట్ (బూస్ట్‌కి హద్దు పెట్టే వాల్వు) బిగించి బూస్ట్ పెంచిన చాలా పాత కార్లు పై ఆర్‌పీఎంలో లీన్ అవడానికి మూలం ఇదే. ఎల్‌హెచ్-జెట్రానిక్ వాడిన వోల్వో, సాబ్ టర్బోల్లో వేడి తీగ ఉంటుంది. మిత్సుబిషి టర్బోల్లో, టయోటా 7ఎం-జీటీఈ ఇంజన్లో గాలి సుడులను లెక్కపెట్టే కార్మన్ సెన్సర్ ఉంటుంది. ఇవన్నీ గాలిని నేరుగా కొలిచేవి. మరికొన్ని కార్లు మానిఫోల్డ్ ప్రెషర్, ఆర్‌పీఎం, గాలి ఉష్ణోగ్రత చూసి గాలి ఎంత ఉంటుందో అంచనా వేస్తాయి. తొలి సాబ్ 900 టర్బో, పోర్షే 930 మాత్రం కె-జెట్రానిక్ అనే మెకానికల్ పద్ధతి మీద నడుస్తాయి. వాటిలో మ్యాప్ ఉండదు, కంట్రోల్ ప్రెషర్ సరిచేయడమే ట్యూనింగ్.

ఈ తేడా లీకుల దగ్గర తెలుస్తుంది. గాలి మీటరు ఉన్న కారులో టర్బో తర్వాత పైపు లీకైతే, బూస్ట్‌లో కొలిచిన గాలి బయటికి పోతుంది కానీ దానికి సరిపడా పెట్రోల్ మాత్రం లోపలికి వస్తుంది. ఫలితం రిచ్. అదే కారు ఐడిల్‌లో ఉన్నప్పుడు, ఆ లీకు థ్రాటిల్ దాటాక ఉంటే కొలవని గాలి లోపలికి దూరుతుంది. ఫలితం లీన్. ఐడిల్ లీన్, బూస్ట్ రిచ్ అని ఒకే కారు చూపిస్తే మ్యాప్ మూసేసి సబ్బు నీళ్లు తెచ్చుకోండి. ప్రెషర్ సెన్సర్ మీద నడిచే కారులో బూస్ట్ లీకు నిష్పత్తిని పెద్దగా మార్చదు. టర్బో మాత్రం పోయిన గాలిని పూడ్చడానికి అనవసరంగా ఎక్కువ తిరుగుతుంది.

రిపేరు పని

ఒక్కో సిలిండర్ ఎంత ఒత్తిడి పట్టి ఉంచుతోందో కొలిచే కంప్రెషన్ టెస్టుతో మొదలుపెట్టండి. సిలిండర్ల మధ్య పెద్ద తేడా ఉంటే ట్యూనింగ్ అక్కడితో ఆపేయాలి. ముసలి ఇంజన్‌కి కొత్త మ్యాప్ రాసినా రింగులు కొత్తవి కావు.

తర్వాత బూస్ట్ లీక్ టెస్ట్. గాలి మీటరు విప్పి పక్కన పెట్టి, టర్బో నోటికి వాల్వు బిగించిన మూత పెట్టి క్లాంపు వేయండి. కంప్రెసర్ నుంచి రెగ్యులేటర్ ద్వారా మెల్లగా గాలి ఎక్కించండి. మీరు నడిపే బూస్ట్ దాటనక్కర్లేదు. పైపు ఊడితే తుపాకీ గుండులా వస్తుంది కాబట్టి ముఖం ఎదురుగా పెట్టకండి. ప్రతి జాయింట్ మీద, ఇంటర్‌కూలర్ (టర్బో నుంచి వచ్చే వేడి గాలిని చల్లబరిచేది) అంచుల మీద, ఇంజెక్టర్ల రబ్బరు రింగుల చుట్టూ, థ్రాటిల్ షాఫ్ట్ రెండు చివర్లా సబ్బు నీళ్లు చల్లండి. థ్రాటిల్ షాఫ్ట్ దగ్గర బుడగలు వస్తాయని చాలామంది ఊహించరు, పాత కార్లలో అక్కడ సర్వసాధారణం. ఆయిల్ మూత తీసి చెవి పెట్టండి. అక్కడి నుంచి గాలి బుసబుసా వస్తుంటే క్రాంక్‌కేస్ బ్రీదర్ వాల్వు మూసుకోకుండా పట్టేసి ఉండొచ్చు. సైలెన్సర్ నుంచి కొద్దిగా శబ్దం వస్తే కంగారు పడకండి, ఏదో సిలిండర్ వాల్వులు తెరిచి ఉన్న చోట ఇంజన్ ఆగింది, అంతే.

ఇగ్నిషన్ సంగతి త్వరగా ముగిద్దాం. కొత్త ప్లగ్గులు, బూస్ట్‌కి గ్యాప్ 0.6–0.7 మిల్లీమీటర్లు, బూస్ట్ పెంచి ఉంటే ఒక మెట్టు చల్లటి (వేడిని త్వరగా వదిలే) ప్లగ్గు. ఎన్‌జీకేలో అంకె పెరిగితే చల్లటిది, బాష్‌లో తగ్గితే చల్లటిది. తిరగేసి కొన్నారో, ముప్పు మీరే తెచ్చుకున్నట్టు.

ఇక పెట్రోల్ వైపు. ఇక్కడ తొందరపడొద్దు. చాలా టర్బో కార్లలో ఫ్యూయెల్ రెగ్యులేటర్‌కి మానిఫోల్డ్ నుంచి చిన్న గొట్టం వస్తుంది. బూస్ట్ ఎంత పెరిగితే రైలు ప్రెషర్, అంటే ఇంజెక్టర్లకు పెట్రోల్ పంచే పైపులోని ఒత్తిడి, అంత పెరగాలి. ఇంజన్ ఆపి పంపు ఒక్కటే నడిపినప్పుడు 3 బార్ ఉంటే, 0.8 బార్ బూస్ట్‌లో 3.8 ఉండాలి. బూస్ట్ పెరిగే కొద్దీ ప్రెషర్ అక్కడే ఆగిపోయినా, ఇంకా కిందికి దిగినా, తప్పు మ్యాప్‌ది కాదు. దీన్ని నడుస్తున్న కారులో చూడాలి కానీ పెట్రోల్ ఉన్న పైపును లోపలికి, సీటు దగ్గరికి తేకండి. ఎలక్ట్రిక్ సెన్సర్ ఉన్న మీటరు పెట్టుకోండి.

పంపు మార్చే ముందు మల్టీమీటరు ప్రోబులు పంపు టెర్మినళ్ల మీదే పెట్టి, ఇంజన్ నడుస్తుండగా చూడండి. బ్యాటరీ దగ్గర 14 వోల్టులు ఉండి పంపు దగ్గర 11.5 కనబడితే మిగతా రెండున్నర వోల్టులు దారిలో వేడిగా మారి పోతున్నాయి. రిలే కాళ్లు నల్లబడి ఉంటాయి, లేదంటే డిక్కీలో ఎర్త్ బోల్టు కింద తుప్పు ఉంటుంది. ఆ బోల్టు విప్పి ఇసుక కాగితంతో మెరిసేదాకా రుద్ది బిగిస్తే పాత పంపే సరిపోయిన కార్లు ఉన్నాయి. అప్పటికీ చాలకపోతే బ్యాటరీ నుంచి ఫ్యూజుతో సహా కొత్త లావు వైరు లాగి, పాత వైరుతో రిలేను మాత్రం ఆన్ చేయించండి. ఫ్యూయెల్ ఫిల్టర్ ఎలాగూ కొత్తది వేయాలి.

ఇంజెక్టర్లను విప్పి శుభ్రం చేయించి, ఒక్కొక్కటి ఎంత చిమ్ముతోందో బెంచి మీద కొలిపించండి. పాత టర్బోకి పెట్టే డబ్బులో దీనికి పెట్టినంత సార్థకం ఇంకోటి లేదని నా నమ్మకం. సైజు సరిపోతుందో లేదో లెక్క ఇలా చూడండి. టర్బో పెట్రోల్ ఇంజన్ ఒక్కో గుర్రానికి గంటకు దాదాపు 0.6 పౌండ్ల పెట్రోల్ తాగుతుంది. 250 గుర్రాలు, నాలుగు ఇంజెక్టర్లు అనుకుంటే ఒక్కోదానికి 37.5 పౌండ్లు. ఇంజెక్టర్‌ను 85 శాతానికి మించి తెరిచి ఉంచకూడదు కాబట్టి 0.85తో భాగిస్తే 44 పౌండ్లు, అంటే నిమిషానికి 460 సీసీ ప్రాంతం. 6000 ఆర్‌పీఎం దగ్గర ఇంజన్ ఒక సైకిల్‌కి 20 మిల్లీసెకన్లే ఉంటాయి. అక్కడ ఇంజెక్టర్ 17 మిల్లీసెకన్లు తెరిచి ఉందంటే మీరు హద్దు మీద ఉన్నారు. ఆ 20 మిల్లీసెకన్లూ నిండాక మ్యాప్‌లో ఎంత పెంచినా ఒక్క చుక్క కూడా అదనంగా రాదు.

సెన్సర్

కారుతో వచ్చిన పాత ఆక్సిజన్ సెన్సర్ సున్నా నుంచి ఒక వోల్టు మధ్య ఇస్తుంది. అది 14.7కి అటా ఇటా అని మాత్రమే చెప్పగలదు. బూస్ట్‌లో 11.5కీ 12.5కీ తేడా దానికి తెలియదు. నిష్పత్తిని అంకెతో సహా చెప్పే వైడ్‌బ్యాండ్ సెన్సర్ తప్పనిసరి. బాష్ ఎల్ఎస్‌యూ 4.9 సెన్సర్ వాడే కంట్రోలర్ ఏదైనా బాగానే ఉంటుంది.

థర్మామీటరే తప్పు చూపిస్తే మందు ఏమిస్తాం? అందుకే బిగించేటప్పుడు జాగ్రత్తగా ఉండాలి. సెన్సర్‌ను టర్బో ముందు పెట్టొద్దు, అక్కడి వేడీ ప్రెషరూ అంకెను వక్రీకరిస్తాయి. టర్బో తర్వాత, క్యాటలిటిక్ కన్వర్టర్ ముందు పెట్టండి. పైపు చుట్టూ గడియారం ముఖం ఊహించుకుంటే పదికీ రెండుకీ మధ్య ఉండాలి. కింద పెడితే పైపులో చేరిన నీళ్లు వేడి సెన్సర్‌ను పగలగొడతాయి. కరెంటు లేకుండా సెన్సర్‌ను నడిచే ఎగ్జాస్ట్‌లో వదిలేయకండి, మసి పట్టి చస్తుంది. సెన్సర్ ముందు ఎక్కడైనా ఎగ్జాస్ట్ లీకు ఉంటే బయటి గాలి చొరబడి లీన్‌గా చూపిస్తుంది.

మీటరు అబద్ధమాడే సందర్భం ఇంకోటుంది. సిలిండర్ మిస్‌ఫైర్ అయితే కాలని పెట్రోల్‌తో పాటు కాలని ఆక్సిజన్ కూడా బయటికొస్తుంది. సెన్సర్ చూసేది ఆక్సిజన్‌నే కాబట్టి లీన్ అంటుంది. నిజానికి మరీ రిచ్ అయి ప్లగ్గు ఆరిపోయి ఉండొచ్చు. అంకె లీన్, సైలెన్సర్ నుంచి నల్ల పొగ, కారు దగ్గుతోంది, ఈ మూడూ కలిస్తే పెట్రోల్ ఇంకా పోయకండి.

ఇప్పుడు మ్యాప్

డైనో (కారును నిలబెట్టి రోలర్ల మీద నడిపి పవర్ కొలిచే యంత్రం) దొరికితే అక్కడే చేయండి. లోడును పట్టి ఉంచగలిగే డైనో అయితే ఇంకా మేలు. బయటే చేయాల్సి వస్తే మూసిన ట్రాక్ మీద, స్టీరింగ్ ఒకరు, లాప్‌టాప్ ఒకరు. నడిపేవాళ్లు తెర చూడకూడదు. దగ్గర అగ్నిమాపక సిలిండర్ ఉండాలి. ఇంజన్ పూర్తిగా వేడెక్కాకే మొదలుపెట్టాలి. పాత మ్యాప్‌ను కాపీ తీసి వేరే చోట దాచండి. క్లోజ్డ్ లూప్, అంటే సెన్సర్ చూసి కంప్యూటర్ తనే చేసుకునే సవరణ, ఆపేయండి, లేకపోతే మీరు ఒక వైపు లాగితే కంప్యూటర్ ఇంకో వైపు లాగుతుంది. ఇంజెక్టర్ డెడ్ టైమ్ విలువలు, అంటే కరెంటు అందాక సూది లేవడానికి పట్టే సమయం, మీ ఇంజెక్టర్లవే ఉన్నాయో చూడండి. వోల్టేజీ తగ్గితే ఈ సమయం పెరుగుతుంది. ఇది తప్పైతే హెడ్‌లైట్లు వేసినప్పుడల్లా ఐడిల్ మారుతూ ఉంటుంది.

ముందు ఐడిల్, తర్వాత తక్కువ థ్రాటిల్, ఆ తర్వాత నిలకడ వేగాలు. ఒక్కో సెల్‌లో (మ్యాప్ పట్టికలోని ఒక్కో గడిలో) రెండు మూడు సెకన్లు ఇంజన్‌ను నిలపండి. ఎగ్జాస్ట్ వాయువు సెన్సర్‌ను చేరడానికి సమయం పడుతుంది, అందులోనూ ఐడిల్‌లో ఎక్కువ. థ్రాటిల్ కదులుతుండగా కనిపించిన అంకెను ఆ క్షణపు సెల్‌కి అంటగడితే పక్క సెల్ తప్పును దీని మీద వేసినట్టవుతుంది. థ్రాటిల్ వదిలినప్పుడు మీటరు ఒక్కసారిగా లీన్ చివరికి పోతుంది. అది పెట్రోల్ కట్, దిద్దాల్సిన పని లేదు.

సవరణ లెక్క తేలిక. కొలిచిన నిష్పత్తిని టార్గెట్‌తో భాగించి సెల్ విలువను గుణించండి. 3500 ఆర్‌పీఎం, 150 కిలోపాస్కల్స్ (దాదాపు అర బార్ బూస్ట్) దగ్గర సెల్‌లో 84 ఉంది, టార్గెట్ 11.8, లాగ్‌లో, అంటే లాప్‌టాప్ నమోదు చేసిన రికార్డులో, 12.7 వచ్చిందనుకోండి. 12.7ను 11.8తో భాగిస్తే 1.076. దాన్ని 84తో గుణిస్తే 90.4. అదే కొత్త విలువ. దాని చుట్టూ సెల్స్‌ను కూడా అదే వాలులో సర్దండి. మ్యాప్‌ను మూడు కొలతల్లో చూస్తే నున్నటి కొండలా ఉండాలి. మధ్యలో ఒక్కటే గుంటో ముల్లో కనబడితే ఇంజన్ అలా ఉండదు, మీ లాగ్‌లో తప్పు ఉంది.

బూస్ట్‌లోకి వెళ్లేముందు, ఇంకా చూడని బూస్ట్ సెల్స్ అన్నిటినీ కావాలనే రిచ్ చేయండి. బూస్ట్ కంట్రోలర్ తీసేసి వేస్ట్‌గేట్ స్ప్రింగు ఇచ్చే కనీస బూస్ట్‌తో మొదలుపెట్టండి. ఇగ్నిషన్ టైమింగ్ (స్పార్క్ వచ్చే క్షణం) రెండు మూడు డిగ్రీలు వెనక్కి, అంటే ఆలస్యంగా, పెట్టండి. మూడో గేరులో 2500 నుంచి లాగండి, 4000కి వదిలేయండి, లాగ్ చూడండి, సరిచేయండి. తర్వాత 5000 దాకా, ఆ తర్వాత పూర్తిగా. బూస్ట్‌లో మీటరు 12.5 దాటితే వెంటనే కాలు తీసేయాలి. "ఇంకొంచెం చూద్దాం" అనుకునే చోటే పిస్టన్లు పోతాయి. రెండు పరుగుల మధ్య ఇంటర్‌కూలర్‌ను చల్లారనివ్వండి. ఒక మెట్టు కుదిరాకే 0.1 బార్ చొప్పున బూస్ట్ పెంచుతూ ఇదే వరస మళ్లీ నడపాలి. ప్రతిసారీ ఇంజెక్టర్ 85 శాతం దాటిందా, రైలు ప్రెషర్ బూస్ట్‌తో సమంగా పెరిగిందా అని చూసుకోవాలి.

నిష్పత్తి కుదిరిందంటే నాక్ లేదని కాదు. 11.5 దగ్గర కూడా టైమింగ్ ఎక్కువైతే నాక్ వస్తుంది. ఇంజన్ బ్లాకు మీద మైక్ బిగించి హెడ్‌ఫోన్లో వినడం పాత పద్ధతే కానీ ఇప్పటికీ నేను ఎక్కువగా నమ్మేది దాన్నే. చివరి పరుగు కాగానే ఇంజన్ ఆపి, చల్లారాక ప్లగ్గులు విప్పి పింగాణీని భూతద్దంతో చూడండి. సన్నటి నల్ల చుక్కలో, వెండి రవ్వల్లాంటివో కనిపిస్తే అవి నాక్ గుర్తులు. మీటరు ఏమన్నా సరే టైమింగ్ వెనక్కి తేవాలి. నాలుగు ప్లగ్గుల్లో ఒకటే తెల్లగా ఉంటే ఆ సిలిండర్ ఇంజెక్టర్‌ను మళ్లీ అనుమానించండి.

పిగ్గీబ్యాక్ పెట్టినవాళ్లకి

కంపెనీ కంప్యూటర్‌ను ఉంచి, గాలి మీటరు సిగ్నల్‌ను మార్చే చిన్న పెట్టె పెట్టుకున్నవాళ్లు ఒక సంగతి తప్పక తెలుసుకోవాలి. పెట్రోల్ తగ్గించడానికి సిగ్నల్‌ను తగ్గిస్తే, కంప్యూటర్ లోడు తక్కువ ఉందనుకుంటుంది. తక్కువ లోడుకి రాసిన ఇగ్నిషన్ సెల్‌కి వెళ్లి టైమింగ్ ముందుకు జరుపుతుంది. పెద్ద ఇంజెక్టర్లు వేసి సిగ్నల్‌ను 20 శాతం కోసిన కారులో నిష్పత్తి చక్కగా 11.5 చూపిస్తూనే నాక్‌తో హెడ్ గాస్కెట్ పోవడం వెనక కథ ఇదే. అంత మార్పు చేయాల్సిన చోట విడి కంప్యూటరో, మార్చిన చిప్పో పెట్టుకోవడం నయం.

స్ప్రింగు తలుపు మీటర్లలో లోపల పళ్ల చక్రం తిప్పి స్ప్రింగు బిగువు మార్చే పద్ధతి ఒకటుంది. చేస్తే ముందు పెయింటుతో గుర్తు పెట్టుకుని, ఒక్కో పన్ను మాత్రమే జరపండి. అది అన్ని లోడుల మీదా ఒకేసారి ప్రభావం చూపుతుంది. బూస్ట్ కోసం జరిపితే ఐడిల్ కూడా కదులుతుంది.

చివర్లో మిగిలే పనులు

థ్రాటిల్ చటుక్కున తొక్కినప్పుడు క్షణంపాటు వచ్చే లీన్ తడబాటును యాక్సిలరేషన్ ఎన్‌రిచ్‌మెంట్‌తో సరిచేయాలి. నిలకడ సెల్స్ అన్నీ కుదరకముందు దాని జోలికి పోతే రెండూ చెడతాయి. కోల్డ్ స్టార్ట్ ఇంకా ఓపిక పని. ఇంజన్ రాత్రంతా చల్లబడితే గానీ రోజుకి ఒక్క ప్రయత్నం దొరకదు.

గేరు మార్చినప్పుడల్లా ఒక దగ్గు, కొంచెం నల్ల పొగ వస్తుంటే బ్లో-ఆఫ్ వాల్వు (థ్రాటిల్ మూసినప్పుడు మిగిలిన బూస్ట్‌ను వదిలేది) గాలిని ఎటు వదులుతోందో చూడండి. గాలి మీటరు ఉన్న కారులో అది తిరిగి టర్బో నోటికే పోవాలి. బయటికి వదిలేస్తే కొలిచిన గాలి పోయి పెట్రోల్ మిగులుతుంది. ఆ బుస శబ్దం మీద మోజు ఉంటే ఉండనివ్వండి, దాని కోసం మ్యాప్ మాత్రం మార్చకండి.

ప్రెషర్ మీద నడిచే కారుల్లో వేడి ఇంజన్‌ను పది నిమిషాలు ఆపి మళ్లీ స్టార్ట్ చేసి చూడండి. గాలి ఉష్ణోగ్రత సెన్సర్ వేడి లోహానికి ఆనుకుని ఉంటే గాలి నిజానికంటే వేడిగా ఉందని చెబుతుంది, కంప్యూటర్ పెట్రోల్ తగ్గిస్తుంది, ఐడిల్ లీనై ఊగుతుంది. ఐడిల్ సెల్ పెంచడం కంటే సెన్సర్‌ను ఇంటర్‌కూలర్ తర్వాతి పైపులోకి మార్చడం మంచిది.

అన్నీ అయ్యాక క్లోజ్డ్ లూప్ మళ్లీ ఆన్ చేసి కొన్ని రోజులు మామూలుగా నడపండి. నిలకడ వేగంలో కంప్యూటర్ చేసే సవరణ అటూ ఇటూ 5 శాతంలోపు ఉంటే బేస్ మ్యాప్ సరిగ్గా కుదిరినట్టే. ఒక్క వైపే పెరుగుతూ పోతుంటే సబ్బు నీళ్ల సీసా మళ్లీ బయటికి తీయండి.